వేషాలతో ఆడించే ఆటలు: మీ పిల్లల గుంపుకి ఏది నప్పుతుంది?

నాలుగేళ్ళ కిందట కృష్ణాష్టమికి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని వేషాలు వేయించి తీసుకురమ్మన్నాం. 18 మంది వచ్చారు, అందులో 11 మంది కృష్ణులే. ఫోటోలయ్యాయి, ఉట్టి కొట్టడం అయ్యింది. "ఇక కాసేపు ఆడుకోండర్రా" అని మేం కాఫీ గ్లాసులు పట్టుకున్నాం. సెల్లార్‌లో దొంగా పోలీస్ మొదలైంది. పావుగంట తిరక్కుండానే ఒకడి పంచె ఊడి కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడ్డాడు. ఇంకొకడి ముత్యాల దండ తెగి పూసలు కార్ల కిందకి దొర్లాయి. ఆ పూసల మీద కాలేసి మూడోవాడు జారాడు. మా వాడి కిరీటం రెండు ముక్కలైంది. అద్దె రూ. 400, డిపాజిట్ రూ. 500. డిపాజిట్ మీద ఆశ వదులుకున్నాం. షాపతన్ని అనడానికేం లేదు, విరిచింది మా వాడే.

అప్పటినుంచి మా బ్లాక్‌లో వేషాల ప్రోగ్రామ్ ఏది పెట్టినా ఆటల పని నా నెత్తినే వేస్తున్నారు. కృష్ణాష్టమి, నవంబర్ 14, సంక్రాంతి, మధ్యలో పుట్టినరోజులు, అన్నీ కలిపి ఓ పదిహేను సార్లు ఆడించి ఉంటాను. కొన్ని ఆటలు బ్రహ్మాండంగా కుదిరాయి. కొన్ని అనుకున్నప్పుడు బావున్నాయి, ఆడించేసరికి తుస్సుమన్నాయి. ఏది ఎవరికి, ఎంత జాగాలో, ఎలాంటి వేషంతో అన్నది నాకు తెలిసినంతవరకు చెబుతాను.

వేసుకొచ్చే వేషమా, ఆటలో వేసుకునే వేషమా

ముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. ఇంటి దగ్గర గంటసేపు కూర్చోబెట్టి తయారుచేసిన వేషం వేరు, ఆట మధ్యలో తొడుక్కుని విప్పేసే వేషం వేరు. మొదటిది చూడటానికి, రెండోది ఆడటానికి. రెండూ కలిపితే మా సెల్లార్ కథే అవుతుంది.

అద్దె డ్రెస్సులో వచ్చిన పిల్లకి పరుగు ఆట పెట్టకండి. అమ్మ గేటు దగ్గరే "జాగ్రత్త, చినగకూడదు" అని చెప్పి పంపిస్తుంది. ఆ పిల్ల ఆడలేదు, ఆడకుండా ఉండలేదు. వేషాలు చూడాలని ఉంటే ర్యాంప్ వాక్, ఫోటోలు ముందు కానిచ్చేసి, అరగంట విరామం ఇచ్చి, మామూలు బట్టల్లోకి మారాక ఆటలు మొదలుపెట్టండి. పిలిచేటప్పుడే వాట్సాప్‌లో "లోపల టీషర్టు, నిక్కరు వేసి పంపండి" అని ఒక ముక్క రాస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఆటలో వేసుకునే వేషానికి కొనాల్సిందేమీ పెద్దగా ఉండదు. నాన్న పాత ఫుల్ చొక్కాలు, లుంగీలు, చున్నీలు, కండువాలు, రంగు వెలిసిన కాటన్ చీరలు. బట్టల మీదుగానే తొడుక్కోవాలి, ఎవరికైనా పట్టాలి, లాగితే ఊడి రావాలి. ఈ మూడోది మరీ ముఖ్యం. మెడకి ముడి వేసే కేప్, గట్టిగా కట్టిన దండ, నడుముకి బిగించిన తాడు పరుగు ఆటలో వద్దే వద్దు. వెనకనుంచి ఎవడో ఒకడు పట్టుకుని లాగుతాడు, లాగకుండా ఉండడు.

ఇక ఆటల సంగతి. నేను చూసేది రెండే: ఒక్కసారికి ఎంతమంది కదులుతున్నారు, ఔటైనవాడు ఏం చేస్తాడు.

మూట రిలే: అందరికీ తెలిసిందే, అందరూ తప్పుగా ఆడించేదే

జట్టుకి ఒక బట్టల మూట. పరుగెత్తి, మూటలోవి వేసుకుని, ఒక చుట్టు తిరిగొచ్చి, విప్పి తర్వాతివాడికి ఇవ్వాలి. ఏ జట్టు ముందు పూర్తి చేస్తే వాళ్ళు గెలిచినట్టు. స్కూళ్ళలో, పుట్టినరోజుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

జరిగే తప్పు ఏంటంటే, 20 మంది ఉంటే పదేసిమంది చొప్పున రెండు జట్లు చేస్తారు. అంటే ఏ క్షణంలో చూసినా ఇద్దరు ఆడుతుంటారు, 18 మంది నిలబడి ఉంటారు. రెండో నిమిషానికే వెనకవాళ్ళు తోసుకోవడం మొదలెడతారు. ఐదుగురేసి నాలుగు జట్లు చేయండి. మూటలు నాలుగు కావాలి, అంతే కదా. ఒక జట్టులో ఒకరు తక్కువైతే చలాకీగా ఉన్న పిల్లని రెండుసార్లు పరుగెత్తించండి.

రెండో మార్పు: మూట దూరంగా పెట్టకండి, జట్టు నిలబడ్డచోటే పెట్టండి. అక్కడే వేసుకుని, ఎనిమిది పది మీటర్ల అవతల ఉన్న కుర్చీని చుట్టి రావాలి. అప్పుడు మిగతా నలుగురూ సాయం చేయొచ్చు. ఒకడు చొక్కా పట్టుకుంటాడు, ఒకతె తలపాగా చుడుతుంది. నిలబడి చూసేవాళ్ళుండరు. నెమ్మదిగా వేసుకునే పిల్లాడి మీద "తొందరగా, తొందరగా" అని అరుపులు కూడా తగ్గుతాయి, ఎందుకంటే అరిచేవాడి చేతిలోనే చొక్కా చెయ్యి ఉంటుంది.

ఈ ఆటలో గెలుపోటములు తేల్చేది కాళ్ళు కాదు, చొక్కా చేతులు. గమనించండి. పిల్లాడు ఆయాసంతో వచ్చి చొక్కాని తల మీదుగా ఒక్క గుంజు గుంజుతాడు. రెండు చేతులూ లోపలికి తిరగబడతాయి. తర్వాత పిల్ల చెయ్యి దూర్చితే దారి ఉండదు. అక్కడ పావు నిమిషం పోతుంది, అక్కడే ఏడుపు మొదలవుతుంది. అందుకని మా దగ్గర ఒక రూల్ ఉంది: విప్పినవాడే చేతులు బయటికి తీసి ఇవ్వాలి. బొత్తాలు పైది ఒక్కటి చాలు. ఐదారేళ్ళవాళ్ళకి బొత్తాలే వద్దు. వాళ్ళకి మూడు వస్తువులు సరిపోతాయి: చొక్కా, ఎలాస్టిక్ లంగా, కండువా. పదేళ్ళు దాటినవాళ్ళకి ఐదు ఇవ్వండి, అందులో ఒకటి లుంగీ. లుంగీ కట్టడం రాక పదమూడేళ్ళవాడు పడే అవస్థ చూడటానికి మా వాచ్‌మన్ తాతగారు కుర్చీ తెచ్చుకుని కూర్చుంటారు. లుంగీ కట్టుకున్నవాళ్ళు మాత్రం పరుగు కాదు, నడవాలి.

మూటలో లంగా, చీర ఉంటే కొందరు మగపిల్లలు "నేను వేసుకోను" అని మొరాయిస్తారు. ఒకసారి ఎనిమిదేళ్ళవాడు అలాగే భీష్మించుకు కూర్చున్నాడు. మూడో ఫ్లోర్ పెద్దాయనది తిరుపతి. ఆయన పక్కకి పిలిచి, "నాన్నా, మా ఊళ్ళో గంగమ్మ జాతరకి మీసాలున్న మగాళ్ళు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వస్తారు, తెలుసా? రోజుకో వేషం. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం. నేనూ వేశాను" అన్నారు. వాడు కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరు కూడానా తాతయ్యా?" అని నవ్వేసి లేచాడు. ఇటు కృష్ణా జిల్లా కూచిపూడిలోనూ ఒకప్పుడు ఆడవేషం మగవాళ్ళదే కదా. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా బలవంతం వద్దు, ససేమిరా అన్నవాడికి కండువా మార్చి ఇవ్వండి.

ఆ తర్వాతే మాకు ఇంకో ఆలోచన తట్టింది. మూటలో అన్నీ కలిపి పోసి, పిల్లాడు ముందు చీటీ తీయాలి. చీటీలో ఏ వేషం వస్తే ఆ వస్తువులే వెతుక్కుని వేసుకోవాలి: దొర అయితే టోపీ, చొక్కా, బైరాగి అయితే కాషాయం కండువా, ఒక సంచి. చదవడం వచ్చిన పిల్లలకి మామూలు రిలే కంటే ఇదే నచ్చింది.

తోకల ఆట: ఒళ్ళు అలవాలంటే ఇదే

వేషం తక్కువ, పరుగు ఎక్కువ. పాత చున్నీని రెండు మూడు అంగుళాల వెడల్పు పీలికలుగా చింపి, ఒక్కో పిల్లాడికి నడుము వెనక నిక్కరులోకి దోపండి. సగం లోపల, సగం బయట. కట్టకూడదు, దోపాలి. పసుపు టీషర్టు మీద నల్ల టేపు చారలు అంటిస్తే పులి, మామూలుగా వదిలేస్తే హనుమంతుడి సైన్యం. ఎవరి తోక కాపాడుకుంటూ వాళ్ళు ఇంకొకరి తోక లాగాలి. మూడు నిమిషాలకి ఈల. ఎక్కువ తోకలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు గెలిచారు.

చిన్న చిక్కు ఒకటుంది. గౌను వేసుకొచ్చిన ఆడపిల్లలకి తోక దోపడానికి నడుము పట్టీ ఉండదు. మొదటిసారి ఇద్దరు పిల్లలు చేతుల్లో తోకలు పట్టుకుని నా మొహం చూశారు. ఇప్పుడు నా దగ్గర పది ఎలాస్టిక్ పట్టీలు రెడీగా ఉంటాయి.

తోక పోయినవాణ్ణి ఔట్ అని కూర్చోబెట్టారో, ఆట చెడింది. ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్ళే ముందు పోగొట్టుకుంటారు, అంటే ఎక్కువ ఆడాల్సినవాళ్ళే ఎక్కువసేపు కూర్చుంటారు. నేను గోడ పక్కన "తోకల కొట్టు" పెడతాను. ఐదు గుంజీళ్ళు తీస్తే కొత్త తోక. నాలుగేళ్ళ పిల్ల ఒకతె కావాలని తోక పోగొట్టుకుని గుంజీళ్ళు తీయడానికే వస్తుండేది.

రిలేతో పోలిస్తే ఇందులో నిలబడే పనే లేదు. 15 మంది ఉంటే 15 మందీ పరుగే. కానీ జాగా కావాలి. పదిహేను మందికి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం లేకపోతే తలలు కొట్టుకుంటాయి. కార్లున్న సెల్లార్‌లో ఆడించకండి. స్తంభం వెనకనుంచి వచ్చేవాడు కనిపించడు. గ్రానైట్ నేల మీద సాక్సులతో కూడా వద్దు. వట్టి కాళ్ళు లేదా బూట్లు, మధ్యస్థం లేదు.

మరీ చిన్నపిల్లలు ఎక్కువగా ఉంటే దీని బదులు పాత పులి–మేక. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు, లోపల మేక, బయట పులి. మేక కాలికి మువ్వలు, పులికి తోక. పరుగెత్తేది ఇద్దరే అయినా, చేతులు ఎత్తీ దించీ పులిని ఆపే పనిలో అందరూ ఉంటారు.

పులి అంటే ముఖానికి మాస్క్ అనుకోకండి. మాస్క్‌లోంచి పక్కలకి కనిపించదు, పరుగు ఆటకి పనికిరాదు. పైగా మూడు నాలుగేళ్ళవాళ్ళు భయపడతారు. దసరాకో పీర్ల పండక్కో డప్పుల మీద పులివేషగాడు వస్తుంటే అమ్మ చీరకొంగులో దూరిన రోజులు మనకీ గుర్తే. మా ఎదురింటి పాప పులి అంటేనే గుక్కపట్టేది. ఈసారి పులి అయ్యే అబ్బాయిని దాని ముందే కూర్చోబెట్టి, కాటుక పెన్సిల్ దాని చేతికే ఇచ్చాను. ఒక బుగ్గ మీద మూడు మీసాలు, రెండో బుగ్గ మీద ఏడు గీసింది. తర్వాత ఆ పులి వెంట అదే పరుగెత్తింది.

గంగిరెద్దు, హరిదాసు: సంక్రాంతికి ఇంతకంటే మంచివి నాకు తెలియవు

సంక్రాంతి సంబరాల్లో మ్యూజికల్ చైర్స్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఇంటి ముందుకే ఇన్ని వేషాలు నడిచొచ్చే పండగ ఇంకోటి ఉందా?

గంగిరెద్దుకి ఇద్దరు పిల్లలు. ముందువాడు నిలబడి అట్టతో చేసిన కొమ్ముల తల పట్టుకుంటాడు, వెనకవాడు వంగి ముందువాడి నడుము పట్టుకుంటాడు. ఇద్దరి మీదా పాత దుప్పటి, మీద రంగు చీర ముక్కలు కుట్టి, చివర్లకి మువ్వలు. దుప్పటి వెనకవాడి వీపు దాకానే ఉండాలి, తల మీద కప్పకూడదు. కప్పితే గాలాడదు, నేల కనిపించదు. ఇద్దరూ ఒకే ఎత్తు ఉండాలి. అన్నాతమ్ముళ్ళు కదా అని పదకొండేళ్ళవాణ్ణి, ఆరేళ్ళవాణ్ణి జత చేస్తే ఎద్దు మోకాళ్ళ మీద కూలబడుతుంది, నేను చేసి చూశాను. పందెం ఐదారు మీటర్లు చాలు. వంగినవాడికి నడుం పట్టేలోపు స్థానాలు మార్చండి.

పందెం కంటే నాకు ఇంకో రకం ఎక్కువ నచ్చుతుంది. ఒక పిల్ల గంగిరెద్దులవాడు అవుతుంది, మిగతావాళ్ళంతా జతజతలుగా ఎద్దులు. "బసవన్నా, అయ్యగారికి దండం పెట్టు" అంటే పెట్టాలి. "బసవన్నా, తల ఊపు" అంటే ఊపాలి. బసవన్నా అని పిలవకుండా "అమ్మగారికి దండం పెట్టు" అంటే కదలకూడదు. కదిలిన జత గంట మోగిస్తూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. దీనికి దుప్పట్లు కూడా అక్కర్లేదు, ఒక్కో జతకి ఒక చున్నీ కప్పితే చాలు. మైకు పట్టుకున్న పిల్లకి వేగం పట్టుబడితే పెద్దవాళ్ళు కూడా తప్పు చేస్తారు. జాగా తక్కువ, గుంపు ఎక్కువ, వయసులు కలగలుపు అయితే నేను ముందు దీన్నే ఎంచుకుంటాను.

హరిదాసు నడక దీనికి పూర్తిగా వేరు. తల మీద ప్లాస్టిక్ గిన్నె, మెడలో పూల దండ బదులు భుజాల మీద కండువా, ఒక చేతిలో చిడతలు. గిన్నెని చేత్తో పట్టుకోకూడదు. దారిలో మూడుచోట్ల "ఇళ్ళు" ఉంటాయి, ప్రతి ఇంటి ముందూ ఆగి మోకాళ్ళ మీద కిందకి వంగితే అక్కడున్న పిల్ల ఒక గుప్పెడు అటుకులు పోస్తుంది. చివరికి ఎవరి గిన్నెలో ఎక్కువ మిగిలితే వాళ్ళు గెలిచారు. వేగానికి ఇక్కడ విలువ లేదు. ఎప్పుడూ పరుగు పందేల్లో వెనకబడే నెమ్మది పిల్ల ఇందులో మెరుస్తుంది, గెంతే పిల్లాడు రెండో ఇంటికే గిన్నె ఖాళీ చేసుకుంటాడు. ఏడేళ్ళలోపు వాళ్ళకి కష్టం. వాళ్ళని ఇళ్ళ దగ్గర పోసేవాళ్ళుగా నిలబెట్టండి, ఆ పదవికే పోటీ ఎక్కువ. బియ్యం వద్దు, టైల్స్ మీద పడితే జారతారు, తొక్కడానికీ మనసొప్పదు. మేమిప్పుడు అటుకులు కూడా మానేసి ఎండు చిక్కుడు గింజలు వాడుతున్నాం. ఏరడం తేలిక, మళ్ళీ వాడుకోవచ్చు. బాగా చిన్నపిల్లలుంటే మాత్రం గింజలు వద్దు, నోట్లో పెట్టుకుంటారన్న భయం. గింజైనా అటుకైనా కింద పడినవి వెంటనే ఏరించండి.

ఒక మాట. ఇవి బతుకుతెరువు కోసం మనుషులు వేసే వేషాలు. వెక్కిరింపు గొంతులు, చిరుగు బట్టలు పెట్టి పిల్లలతో నవ్వించే పని చేయకండి. మా వీధిలోకి ఇంకా ఒక గంగిరెద్దాయన వస్తాడు. పోయినేడు ఆయన్ని గేటు లోపలికి పిలిచి, ఎద్దుని పిల్లలకి చూపించాం. సన్నాయి విన్నాక మా అట్ట ఎద్దులకి తల ఊపడం సరిగ్గా వచ్చింది.

పేపర్ వేషం: హాల్లో ఆడాలంటే

నలుగురేసి జట్టు, పది పాత న్యూస్‌పేపర్లు, ఒక టేపు, పన్నెండు నిమిషాలు. ఒకరికి వేషం కట్టాలి: రాజు, పెళ్ళికూతురు, రోబో, వాళ్ళిష్టం. ఇక్కడిదాకా ఇది కూర్చుని చేసే పని. చాలామంది ఇక్కడే ఆపి బహుమతి ఇచ్చేస్తారు. ఆపకండి. వేషం పూర్తయ్యాక ఆ పేపర్ రాజు హాలు చుట్టూ ఒక చుట్టు తిరగాలి, ఐదు గెంతులు గెంతాలి, ఒకసారి కూర్చుని లేవాలి. ఆ తర్వాత ఒంటి మీద ఎంత మిగిలిందో దానికే మార్కులు. కిరీటం ఎగిరిపోతుంటే మిగతా ముగ్గురూ టేపు పట్టుకుని వెనకాల పరుగెత్తే దృశ్యం ఉంటుంది చూడండి, దానికోసమే పెట్టొచ్చు ఈ ఆట.

పగటివేషగాళ్ళ అర్ధనారీశ్వర వేషం విన్నారు కదా, ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. అదే పద్ధతిలో "కుడి సగం పోలీసు, ఎడమ సగం పెళ్ళికూతురు" అని చీటీ ఇస్తే పదేళ్ళు దాటినవాళ్ళకి బుర్రకి పదును.

ఇబ్బందులు: చేతులకి, లేత రంగు బట్టలకి ఇంకు అంటుతుంది, తెల్ల గౌన్ల పుట్టినరోజుకి పెట్టకండి. ఏడేళ్ళలోపు కత్తెర ఇవ్వకండి, చించుకోమనండి. టేపు ఒక్కటే ఇస్తే దానికోసం కొట్లాట, ముందే ముక్కలు కత్తిరించి కుర్చీ అంచుకి వరసగా అంటించండి. అమెరికాలో మా చెల్లెలు వాళ్ళ పిల్లలు అక్టోబర్ 31న హాలోవీన్‌కి టాయిలెట్ పేపర్ చుట్టి మమ్మీలు చేస్తారు. అది చూడ్డానికి బావుంటుంది కానీ రెండడుగులేస్తే తెగుతుంది. వాళ్ళింటికి పేపరు రాదు కాబట్టి, పార్సిల్ పెట్టెల్లో వచ్చే బ్రౌన్ కాగితం దాచమని చెప్పాను. మొన్న సంక్రాంతికి తెలుగువాళ్ళంతా ఒక స్కూలు హాల్లో కలిసినప్పుడు దాంతోనే ఆడించిందట.

మిగిలినవి, త్వరగా

టోపీ పాట: గుండ్రంగా కూర్చుని టోపీ చేతులు మారుస్తూ, పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పెట్టుకుని డాన్స్ చేయాలి. చిన్న గదికి సరిపోతుంది. నేను మాత్రం మానేశాను. ఒక టోపీ 15 తలలు మారిన వారానికి మా బ్లాక్‌లో నాలుగిళ్ళలో పేలదువ్వెనలు బయటికొచ్చాయి. టోపీ వల్లేనా అంటే చెప్పలేను కానీ, చూపులన్నీ నా వైపే. పెట్టాలనుకుంటే టోపీ బదులు భుజాన వేసుకునే కండువా పెట్టండి.

స్టాచ్యూ: అద్దె వేషాల్లోనే ఉన్నారు, మార్చుకునే వీలు లేదు, ఏదో ఒకటి ఆడించాలి అన్నప్పుడు దిక్కు ఇదే. పాట వస్తే వేషానికి తగ్గట్టు కదలాలి, ఆగితే ఆ భంగిమలో నిలబడాలి. కృష్ణుడు వేణువు పట్టుకుని, ఝాన్సీ లక్ష్మీబాయి కత్తి ఎత్తి. ఫోటోలు కూడా ఇక్కడే బాగా వస్తాయి. పది నిమిషాలు మించితే విసుగు.

వీరీ వీరీ గుమ్మడిపండు: అందరూ కండువాలు, గాజులు, జడలకి రిబ్బన్లు మార్చేసుకుంటారు. కళ్ళు మూసిన పిల్ల ఎదుటివాళ్ళ చేతులు, కండువా తడిమి పేరు చెప్పాలి. గాజుల చప్పుడు విని "సిరి అక్క" అంటుంది, తీరా చూస్తే రోహిత్. పరుగు ఆటలయ్యాక, కేకు కోసేముందు ఒళ్ళు చల్లబడటానికి సరైనది.

రామ–రావణ, దొంగా పోలీస్ లాంటి జట్ల ఆటలు పెడితే పాత్రలు చీటీలతో పంచండి, రౌండుకోసారి మార్చండి. వదిలేస్తే ప్రతిసారీ ఒకే పిల్లాడు రావణుడవుతాడు, సాధారణంగా లావుగానో నల్లగానో ఉన్నవాడు. వాడు నవ్వుతూనే ఉంటాడు, ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఏడుస్తాడు.

మరి మీకేది?

అపార్ట్‌మెంట్ సెల్లార్, నాలుగు నుంచి పదమూడేళ్ళ దాకా కలిసిన గుంపు: బసవన్న ఆట, తర్వాత చీటీల మూట రిలే. కుర్చీని చుట్టే దారిలో కార్లు లేకుండా చూసుకుంటే చాలు.

స్కూలు గ్రౌండ్, ఒకే క్లాసు పిల్లలు, 40 మంది: తోకల ఆట, రెండు గుంపులుగా విడగొట్టి. ఒక గుంపు ఆడుతుంటే రెండోది తోకల కొట్టు, ఈల, లెక్క చూసుకుంటుంది. ఇంతమందికి కాగితం కిరీటాలు లాంటివి కావాలంటే హైదరాబాద్‌లో బేగంబజార్, విజయవాడలో వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో డజన్ల లెక్కన తెచ్చుకోండి, ఫ్యాన్సీ షాపుల్లో విడిగా కొంటే చేతి చమురు వదులుతుంది.

పుట్టినరోజు, ఇంటి హాలు, పది మంది: పేపర్ వేషం ఒక్కటి చాలు, అరగంట పడుతుంది. చివర్లో గుమ్మడిపండు. పుట్టినరోజు బాబుని ప్రతిసారీ గెలిపించాలని చూడకండి. మిగతా పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది.

దీపావళి రాత్రి వేషాల ఆటలే వద్దు. నైలాన్ చున్నీలు, వెలిగే ప్రమిదలు ఒక్కచోట ఉండకూడదు. వేసవిలో మా విజయవాడ ఎండకి సాయంత్రం ఐదున్నర దాటాకే. చొక్కా మీద చొక్కా తొడిగి నాలుగింటికి పరుగెత్తిస్తే వాంతులవుతాయి. రౌండుకి రౌండుకి మధ్య మంచినీళ్ళు, లేదా మజ్జిగ.

ఏది పెట్టినా ముందురోజు ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఒక్కసారి ఆడించి చూడండి. తలపాగా జారి కళ్ళ మీదకి వస్తోందని, లంగా పొడుగైందని అప్పుడే తెలుస్తుంది. గడ్డం, మీసం గమ్‌తో అంటించకండి, కాటుక పెన్సిల్ చాలు. సేఫ్టీ పిన్నుల బదులు రబ్బరు బ్యాండ్లు, బట్టల క్లిప్పులు.

మా మూట ఇప్పుడు ఒక పాత బొంత గలేబులో ఉంది. ఆరు ఫుల్ చొక్కాలు, నాలుగు లుంగీలు, ఎనిమిది కండువాలు, ఇరవై తోకలు, పది ఎలాస్టిక్ పట్టీలు, రెండు అట్ట ఎద్దు తలలు. వాటిలో ఒకదానికి కొమ్ము విరిగింది. మువ్వలు, ఎలాస్టిక్, టేపు కలిపి కొన్నది రూ. 300 లోపే. దాన్ని మా ఇంట్లో పెట్టుకుందామనుకున్నాను కానీ, పక్క బ్లాక్ నుంచి "ఆంటీ, మూట ఇస్తారా, రేపు మా తమ్ముడి బర్త్‌డే" అని తలుపు కొడుతూనే ఉంటారు. ఇప్పుడది ఎవరింట్లో ఉందో నాకే తెలియదు. ఆదివారంలోపు వెతకాలి.